గాజుతొట్టిలో పాచి

తెలుగులో పాచి అనే మాటకు మర్యాద తక్కువ. పాచి ముఖం, పాచి నోరు, పాచిపని, పాచిపోయిన కూర – ఎక్కడ విన్నా నిన్నటిదనో, కడిగి పారవేయవలసినదనో అర్థం వస్తుంది. అదే పదార్థం చెరువుమెట్లు దిగి నీళ్ళ నడుమకు పోతే నాచు అవుతుంది. కావ్యంలో అడుగుపెడితే శైవలమై పద్మాల సరసన కూర్చుంటుంది. ఉర్దూ మాట్లాడే మా ఇండ్లలో దీనిని కాయీ అంటారు. నీళ్ళతొట్టి అంచున కాయీ పట్టినదంటే చుట్టాల ముందు ఆ ఇంటివారికి చిన్నతనం. ఏ పేరుతో పిలిచినా అది నీరు, వెలుతురు, కాస్త ఎరువు దొరికిన చోటనల్లా పుట్టే జీవరాశి. నేల మీద చెట్టూ చేమా మొలవకముందే నీటిలో వర్ధిల్లిన జీవరాశి. దానిని సమూలంగా నిర్మూలించడం ఎవరి తరమూ కాదు. దానిని హద్దులో ఉంచడం మాత్రం సాధ్యమే.

ఈ సంగతి వ్రాయవలసిన అవసరం మన పఠనమందిరం వల్ల కలిగింది. పూర్వవిద్యార్థులు కొందరు కలిసి మూడేండ్ల క్రితం బహూకరించిన చేపల తొట్టి అక్కడ పడమటి కిటికీ పక్కన ఉన్నది. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు. లెక్క ప్రకారం సుమారు 127 లీటర్లు పట్టవలసినది; అడుగున పోసిన గులకరాళ్ళు, పైన వదలిన ఖాళీ తీసివేస్తే 100 లీటర్ల నీరు ఉంటుంది. హైడ్రిల్లా, వాలిస్నేరియా, వెడల్పాటి ఆకుల అమెజాన్ మొక్కలు రెండు, గుప్పీలు, నియాన్ టెట్రాలు, ఒక పెద్ద సక్కరు చేప – ఇదీ అందులోని సంసారం. నిరుటి వేసవి సెలవుల తరువాత కళాశాల తెరిచేసరికి గాజు మీద పచ్చని చుక్కలు, ఆకుల మీద గోధుమరంగు పొర, కొమ్మల మధ్య దూదిపోగుల వంటి తీగలు కనిపించినాయి. పత్రికలు చదువుకొనడానికి వచ్చిన పిల్లలు తొట్టి ముందు నిలబడి చేపలు ఎక్కడ ఉన్నాయని వెదకవలసి వచ్చింది.

కమిటీ సమావేశంలో ఈ విషయం చర్చకు వచ్చినప్పుడు మూడు అభిప్రాయాలు వినిపించినాయి. తొట్టిని ఖాళీచేసి అందులో ప్లాస్టిక్ మొక్కలు పెట్టవలెనని ఒకరు, మందు తెచ్చి పోయవలెనని ఒకరు, నాలుగు సక్కరు చేపలు కొని వదిలితే అవే తినివేస్తాయని మరొకరు అన్నారు. మూడవ అభిప్రాయానికే మద్దతు ఎక్కువ లభించింది. నేను తెలుగు చెప్పేవాడినే కాని జంతుశాస్త్రం చెప్పేవాడిని కాను. అయినా ఎనిమిదేండ్లుగా ఇంట్లో మొక్కల తొట్టి పెంచుతున్నానని తెలిసి, ఒక పేజీలో వ్రాసి ఇమ్మని కరస్పాండెంటు గారు నన్ను ఆదేశించినారు. ఆ పేజీలో ఇమడని మాటలే ఇవి.

నీటిని శుభ్రం చేసే ప్రాణి ఒకటి ఉంటుందనే నమ్మకం మనకు క్రొత్తది కాదు. పల్లెటూళ్ళలో త్రాగునీటి బావులలో చేపలనూ తాబేళ్ళనూ వదిలేవారు. పురుగూ పుట్రా అవి తింటాయని పెద్దలు చెప్పేవారు. అందులో నిజమున్నది. అయితే బావిలో వెలుతురు తక్కువ, నీరు ఎక్కువ, ఊట నిత్యం ఉంటుంది. అక్కడ ఒక తాబేలు చేసే మాలిన్యం లెక్కలోకి రాదు. గాజుతొట్టి అట్లా కాదు. అది నాలుగు గోడల మధ్య బంధించిన చిన్న నీటిమడుగు. అందులో వేసినది అందులోనే ఉంటుంది. పాచి తినే చేప పాచిని మాయం చేయదు. దానిని కడుపులోకి తీసుకొని, తనకు కావలసినది ఉంచుకొని, మిగిలినది నీటిలోనే విడుస్తుంది. ఆ విసర్జన నుండి పుట్టే అమ్మోనియా బాక్టీరియాల వల్ల నైట్రైటుగా, ఆపైన నైట్రేటుగా మారుతుంది. ఆ నైట్రేటు మళ్ళీ మొక్కకు ఎరువు, పాచికీ ఎరువే. కాబట్టి పాచి పట్టినదని నాలుగు పెద్ద చేపలను వదలడమంటే అప్పు తీర్చడానికి మరొక అప్పు చేయడం వంటిది.

అందుచేత ఏ ప్రాణిని కొనవలెననే ప్రశ్నకు ముందు, పాచి ఎందుకు వచ్చిందనే ప్రశ్న వేసుకోవలె. మన తొట్టి విషయంలో సమాధానం కంటికి కనపడుతూనే ఉన్నది. సాయంత్రపు ఎండ నేరుగా దాని మీద పడుతుంది. పైగా తొట్టి దీపం ఉదయం తొమ్మిదింటికి వెలిగితే రాత్రి పదకొండు దాకా ఆరదు. పఠనమందిరంలో రాత్రిపూట వెలుతురుకు అదే ఆధారమని దానిని అట్లాగే ఉంచుతూ వచ్చినారు. అంటే రోజుకు పద్నాలుగు గంటలు. మొక్కలున్న తొట్టికి ఆరు నుండి ఎనిమిది గంటల వెలుతురు చాలును. దానికి తోడు వచ్చినవారెల్లా చిటికెడు మేత వేసి వినోదిస్తారు. తినగా మిగిలిన మేత అడుగున కుళ్ళుతుంది. వెలుతురు, ఎరువు రెండూ ఇంత సమృద్ధిగా ఉన్నప్పుడు పాచి రాకపోతే ఆశ్చర్యపడవలసినది. కిటికీకి తెర, దీపానికి ఏడు గంటల నియమం, మేతకు ఒకే మనిషి, వారానికి ఒకసారి నాలుగవ వంతు నీటి మార్పు – ఈ నాలుగూ కాగితం మీద మొదట వ్రాసినాను. వీటికి డబ్బు ఖర్చు లేదు. బహుశా అందుకే ఎవరికీ ఇవి ఉత్సాహం కలిగించలేదు.

ఇక రెండవ సంగతి. పాచి అని మనం ఒక మాటతో సరిపుచ్చుకొంటాము కాని అది ఒక జాతి కాదు. ప్రతిదానికీ తినే నోరు వేరు. క్రొత్తగా పెట్టిన తొట్టిలో గోధుమరంగు పొడి వలె పట్టేది డయాటములు అనే సూక్ష్మజీవుల పొర. వ్రేలితో తుడిస్తే పోతుంది. తొట్టి కుదురుకొన్న కొద్దీ చాలాచోట్ల తనంతట తానే తగ్గుతుంది. నత్తలకూ ఆటోసింక్లస్ అనే చిన్న చేపకూ ఇది పరమాన్నం. గాజు మీద గట్టిగా అతుక్కొన్న పచ్చని చుక్కలు వేరు. వాటిని చేపలు గీకలేవు, నెరైట్ నత్తలు కొంత గీకుతాయి, తక్కినది మనమే బ్లేడుతో గీకవలె. పోగుల వంటి పచ్చని తీగలను రొయ్యలు తింటాయి, అదీ లేతగా ఉన్నప్పుడు. ముదిరితే పుల్లకు చుట్టి లాగివేయడమే పద్ధతి. ఆకుల అంచున నల్లని కుంచె వలె మొలిచేది నిజానికి ఎర్ర శైవలాల వర్గానికి చెందినది. దానిని తినే ప్రాణులు బహు కొద్ది. నీలిపచ్చని జిగురు దుప్పటి వలె నేలను కప్పి దుర్వాసన కొట్టేది శైవలమే కాదు, అది సయనోబాక్టీరియా. దానిని ముట్టే చేప దాదాపు లేదు. ఇక నీరంతా పచ్చని షర్బతు వలె మారినప్పుడు అందులో తేలే కణాలను గీకే నోరు ఏ సక్కరుకూ లేదు. ఈ తేడాలు తెలుసుకోకుండా అంగడికి పోయి పాచి తినే చేప ఇమ్మని అడగడం, రోగం చెప్పకుండా మందు ఇమ్మని అడగడమే.

అంగడిలో ఎదురయ్యే మరొక చిక్కు పేర్లది. భాషాబోధకుడిగా నాకు ఇది ప్రత్యేకంగా ఆసక్తి కలిగించింది. ఒక పదానికి పలు అర్థాలుంటే నానార్థమని తరగతిలో చెప్పుకొంటాము. పొరబడితే పద్యానికి అర్థం చెడుతుంది, అంతే. ఇక్కడ పొరబడితే ప్రాణాలు పోతాయి. ‘ఆల్గీ ఈటర్’ అనే ఒకే పేరుతో కనీసం మూడు చేపలు అమ్ముడుపోతున్నాయి. మొదటిది థాయిలాండు ప్రాంతపు ఏరులలో ఉండే క్రాసోకీలస్ – సయామీస్ ఆల్గీ ఈటర్. నల్లని కుంచె పాచిని తింటుందని పేరుపొందినది ఇదే. దీని పక్కన పోయే నల్లని చార తోకచేప రెక్క చివరిదాకా సాగుతుంది. రెక్కలు మాత్రం రంగులేకుండా నిర్మలంగా ఉంటాయి. రెండవది ఫ్లయింగ్ ఫాక్స్. చూడడానికి మొదటిదాని తమ్ముడి వలె ఉంటుంది కాని, దాని చారకు పైన బంగారు గీత ఉంటుంది, రెక్కల మీద నలుపు ఉంటుంది. అందమైనదే; పాచి మీద శ్రద్ధ తక్కువ, పెద్దదైన కొద్దీ తన చోటికి మరొకరిని రానీయదు.

మూడవది మన అంగళ్ళలో అన్నిటికంటె ఎక్కువగా కనిపించే పసుపుపచ్చని చేప. శాస్త్రనామం గైరినోకీలస్. చైనీస్ ఆల్గీ ఈటర్ అని వ్యవహరిస్తారు కాని దాని స్వస్థానం థాయిలాండు, లావోస్, కంబోడియా మొదలైన ఆగ్నేయాసియా దేశాలు. దీని నిర్మాణం చిత్రమైనది. నోటితో రాతిని అంటిపెట్టుకొని ఉన్నప్పుడు చేప నోటి ద్వారా నీరు పీల్చలేదు గదా! అందుకని దీనికి మొప్ప మీది భాగంలో నీరు లోనికి తీసుకొనే రంధ్రం వేరుగా ఉన్నది. చిన్నతనంలో ఈ చేప బుద్ధిగా గాజు గీకుతుంది. రెండంగుళాలప్పుడు చూచి ముచ్చటపడి కొంటాము. అది అడుగుకు కొంచెం తక్కువగా పెరుగుతుంది. పెరిగిన తరువాత పాచి రుచి తప్పి, నిదానంగా తిరిగే వెడల్పాటి చేపల ఒంటిని అంటి వాటి మీది జిగురు పొరను పీల్చడం మొదలుపెడుతుంది. పేరును నమ్మి కొన్నవాడికి తొట్టిలోని తక్కిన చేపలు ఎందుకు చనిపోతున్నవో అర్థం కాదు.

ఆటోసింక్లస్ గురించి కొంచెం వివరంగా చెప్పవలె. మొక్కల తొట్టికి ఇంతకంటె సాధువైన ప్రాణి లేదు. దక్షిణ అమెరికా నదులది. సాధారణంగా నాలుగైదు సెంటీమీటర్లు దాటదు. ఆకు మీద బోర్లా పడుకొని ఆకుకు గాయం కాకుండా దాని మీది పొరను మాత్రమే నాకుతుంది. గుంపు ప్రాణి కాబట్టి ఒంటరిగా ఉంచితే జంకుతూ మూలన దాగుతుంది. ఆరింటినైనా కలిపి ఉంచవలె. ఇంతవరకు అందరూ చెప్పేదే. చెప్పనిది దాని ఆకలి. అంగడికి వచ్చేవాటిలో చాలావరకు నదులలో పట్టినవే. పట్టిన చోటి నుండి మన ఊరి అంగడి చేరేలోగా రోజుల తరబడి వాటికి తిండి ఉండదు. అంగడి తొట్టిలో గాజు అద్దం వలె మెరుస్తూ ఉంటుంది; మనకు అది పరిశుభ్రత, వాటికి అది కరువు. కొనేముందు తొట్టి పక్కన వంగి వాటి పొట్టను చూడవలె. గుండ్రంగా ఉన్నవాటినే తీసుకోవలె. పొట్ట లోపలికి పోయి ఉంటే అది ఇంటికి వచ్చినా నిలిచేది కష్టం. నేనైతే అంగడివాడిని పక్కన పెట్టి అర్ధగంట చూస్తాను. అతడు విసుక్కొంటాడు. విసుక్కోనిద్దాం.

క్రొత్త తొట్టిలో వీటిని వేయకూడదనడానికి కూడా ఆకలే సగం కారణం. నీరు పెట్టి నాలుగారు వారాలు గడిచి, బాక్టీరియాలు కుదురుకొని, ఆకుల మీద పలుచని పొర ఏర్పడిన తరువాతనే వీటికి ఆ తొట్టి ఇల్లు అవుతుంది. ఆపైన మరొక సంగతి. ఆరు చేపలు శ్రద్ధగా తింటే మన తొట్టిలోని పొర వారం పదిరోజుల్లో అయిపోవచ్చును. అప్పుడు మనం తొట్టి శుభ్రపడినదని సంతోషిస్తాము. పని అయిపోయింది, మరి పనివాడి భోజనం? సొరకాయ ముక్కనో, కీరదోస ముక్కనో వేడినీళ్ళలో మెత్తబరిచి, సాయంత్రం అడుగున పెట్టి, ఉదయం తీసివేయవలె. ఈ బాధ్యత ఒప్పుకొన్నవారే పాచి తినే చేపను కొనవలెనని నా అభిప్రాయం. పాచి కోసం తెచ్చి, పాచి అయిపోగానే పస్తు పెట్టడం ఏ న్యాయమూ కాదు.

రొయ్యల మాట ఎత్తితే తకాషి అమానో పేరు చెప్పక తప్పదు. 1954లో జన్మించి 2015లో మరణించిన ఈ జపాను ఛాయాచిత్రకారుడు నీటిమొక్కల తొట్టిని తోటపనికి, చిత్రకళకు సాటిగా నిలిపినాడు. పోగుల పాచిని తినడానికి ఆయన వాడి ప్రచారంలోకి తెచ్చిన రొయ్యకు ఇప్పుడు ఆయన పేరే స్థిరపడిపోయింది. రెండంగుళాల పారదర్శకమైన రొయ్య. పదిమంది చేరితే తీగలన్నిటినీ దూది ఏకినట్లు ఏకివేస్తాయి. దాని గ్రుడ్ల నుండి వచ్చే పిల్లలు పెరగడానికి ఉప్పునీరు కావలె కాబట్టి మన తొట్టిలో సంతతి పెరగదు. అయితే మన ఎండలు దీనికి పడవు. ఏప్రిల్, మే నెలల్లో మన పఠనమందిరంలో తొట్టినీరు 32 డిగ్రీలు చూపుతుంది. నీటి ఉపరితలం మీదికి చిన్న పంకా తిప్పితే నీరు ఆవిరి అవుతూ రెండు మూడు డిగ్రీలు చల్లబడుతుంది. అట్టి ఏర్పాటు లేనిదే దీనిని తేకూడదు. గుప్పీలు, టెట్రాలు ఉన్న మన తొట్టిలో పెద్ద రొయ్యకు భయం లేదు. రేపు ఎవరైనా ఏంజెల్ చేపలు బహూకరిస్తే మాత్రం చెర్రీ రొయ్యల వంటి చిన్నవాటికి ఆయువు మూడినట్లే. ఇంకొక మాట: పాచి మందులలో కొన్నిటిలో రాగి ఉంటుంది. రాగి రొయ్యలకూ నత్తలకూ విషం. మందు పోసి, మరునాడు రొయ్యలు తెచ్చి వదిలే పద్ధతి వద్దు.

నత్తలలో మొక్కలను తినేవి ఉన్నాయి, తిననివి ఉన్నాయి. నెరైట్ నత్త మొక్క జోలికి పోదు. ఆ కుటుంబపు నత్తలు మన తూర్పుతీరపు ఉప్పుటేరులలో కూడా కనిపిస్తాయి. మంచినీటిలో గ్రుడ్లు పెడుతుంది కాని పిల్లలు రావు. కాబట్టి పదివేలయి తొట్టిని ముంచదు. ఆ గ్రుడ్లు మాత్రం తెల్లని నువ్వుగింజల వలె రాళ్ళకూ కర్రకూ అంటుకొని చూపుకు చికాకు కలిగిస్తాయి. మన బోరునీరు కఠినజలమని వంటమనుషులు తిట్టుకొంటారు. నత్తకు ఆ సున్నమే గుల్లకు బలం. మాలీ చేపకూ ఆ నీరే ఇష్టం. మాలీ అంటే అంగట్లో నల్లగా, చవకగా దొరికే సామాన్యమైన చేప. దానిని పాచి తినే ప్రాణుల జాబితాలో ఎవరూ గౌరవంగా చేర్చరు. రోజంతా ఆకుల మీది పొరను, మెత్తని తీగలను పీకుతూనే ఉంటుంది. వేడికి తట్టుకొంటుంది. పిల్లలను విపరీతంగా కంటుంది, అది ఒక్కటే దాని లోపం. దూరదేశపు ఖరీదైన ప్రాణి కంటె మన నీటికీ మన ఎండకూ ఇమిడేది మేలని నేను నమ్ముతాను. అట్లాగని మన నదులలో రాళ్ళను అంటుకొని ఉండే గర్రా చేపను తెచ్చి పెడదామని ఒక విద్యార్థి అడిగినప్పుడు వద్దన్నాను. అది మనదే, పాచినీ తింటుంది. కాని వడిగా పారే నీటిలో బ్రతికిన చేపను నిలువనీటి తొట్టిలో పెట్టి స్వదేశీ అని సంతోషించడం మనకే కాని దానికి సుఖం కాదు.

ఇప్పుడు సక్కరు చేప సంగతి. కమిటీలో ఎక్కువమంది కోరినది దీనినే కాబట్టి కొంత విస్తరించి చెప్పవలసి ఉన్నది. అంగడిలో మూడంగుళాల నల్లని చేప గాజుకు నోరు ఆనించి కదలకుండా కనిపిస్తుంది. ‘రెండు సక్కర్లు వేసుకోండి సార్, ఇక గాజు తోమే పనే ఉండదు’ అని అంగడివాడు ఇస్తాడు. అది పెరిగితే ఎంతవుతుందో చెప్పడు. మన దగ్గర సాధారణంగా అమ్మే టెరిగోప్లిక్తిస్ జాతి సక్కరు అడుగున్నర దాకా పెరుగుతుంది. మన తొట్టి వెడల్పు ఒక అడుగు. అంటే పూర్తిగా పెరిగిన సక్కరు అందులో వెనుకకు తిరగడం కూడా కష్టమే. పెరిగే కొద్దీ పాచి మీద ఆసక్తి తగ్గి చేపలకు వేసిన మేతకే అలవాటు పడుతుంది. అమెజాన్ మొక్క వెడల్పాటి ఆకులను గీకి జల్లెడ చేస్తుంది. తోక విసిరితే వేళ్ళు లేచిపోతాయి. దాని విసర్జన చూచినవారికి తక్కిన విషయం చెప్పనక్కరలేదు. మన తొట్టిలో ఒక సక్కరు ఉండగానే ఇంత పాచి పట్టినదనే సంగతి ఆ సమావేశంలో ఎవరికీ తోచలేదు. ఈ కుటుంబంలోనే నాలుగైదు అంగుళాలతో ఆగిపోయే బ్రిసిల్‌నోస్ అనే జాతి ఉన్నది. గట్టిగా పట్టుపడితే దానిని ఒకదానిని అంగీకరించవచ్చును.

ఆ ఉన్న ఒక సక్కరును ఏమి చేయవలెననేదే అసలు ప్రశ్న అయింది. మూడేండ్లలో అది పది అంగుళాలు అయింది. దానిని ఇరుకున ఉంచడం పాపమని విద్యార్థులే మొదట అన్నారు. మంచి మాట. ఆదివారం నాడు బకెట్టులో తీసుకొనిపోయి ఊరి చెరువులో వదిలి వస్తామని అయిదారుగురు సిద్ధపడినారు. వారి ఉద్దేశం దయ. ఆ దయను కాదనడం ఉపాధ్యాయునికి సులభమైన పని కాదు. ఆ రోజు నాకు సహాయంగా వచ్చినది బి.కాం. రెండవ సంవత్సరం విద్యార్థి ఒకడు. కొల్లేటి లంక గ్రామం నుండి వచ్చి హాస్టలులో ఉండి చదువుతున్నాడు. ఇంట్లో చేపల వేటే ఆధారం. తరగతిలో నోరు విప్పడు. ‘వద్దు సార్, మా నాన్న వలలో అదే పడతాంది’ అన్నాడు. తక్కినవాళ్ళు నవ్వబోయి ఆగినారు.

వాడు చెప్పినదంతా ఇక్కడ నాకు తెలిసిన మాటలలో వ్రాస్తున్నాను. వాళ్ళ ఊళ్ళలో దానిని దెయ్యం చేప అంటారు. ఒళ్ళంతా ఎముక పలకల కవచం, రెక్కల ముందు గట్టి ముళ్ళు. వలలో పడితే విడదీయడానికి గంట పడుతుంది. విడదీసేలోగా వల చిరుగుతుంది. తినేవాడు లేడు, కొనేవాడు లేడు. గట్టున పారవేస్తే వెంటనే చావదు. నోటితో గాలి మింగి పొట్ట ద్వారా ప్రాణవాయువు తీసుకొనగల శక్తి దానికి ఉన్నది గనుక గంటల తరబడి బ్రతికే ఉంటుంది. గ్రుడ్లు పెట్టడానికి గట్లలో బొరియలు త్రవ్వుతుంది. చేపల చెరువు గట్టుకు బొరియలు పడితే రైతుకు ఎంత నష్టమో ఆ జిల్లాల వారికి చెప్పనక్కరలేదు. ఒక పూట వేటకు పోయిన తండ్రి సగం బుట్ట ఈ చేపతోనే తిరిగి వస్తే ఆ పూట ఇంట్లో మాటలు ఉండవని వాడు అన్నప్పుడు, ఊరి చెరువుకు పోదామన్న పిల్లలలో ఒకడు బకెట్టును మెల్లగా బల్ల క్రిందికి తోసినాడు.

ఇది కొల్లేటికే పరిమితమైన కథ కాదు. అమెరికాలోని ఫ్లారిడా కాలువల గట్లను ఈ చేపలు త్రవ్వి కూల్చినాయి. మెక్సికోలో ఇన్ఫియర్నీల్యో జలాశయంలో చేపల వేట మీద బ్రతికేవారిని ఇవి దెబ్బతీసినాయి. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు జీవులు నీటిలో విడిచిన డి.ఎన్.ఏ. ఆనవాళ్ళను పరీక్షించి తూర్పు కనుమల ప్రాంతపు జలాశయాలలో దీని వ్యాప్తిని గుర్తించినారు. దక్షిణ అమెరికా చేప ఇంత దూరం ఈది రాలేదు. అలంకారానికి తెచ్చుకొన్న చేపగానే వచ్చింది. తొట్టిలో పట్టని చేపను దయతలచి చెరువులో వదిలినవారి చేతుల మీదుగా కొంత, పెంపకపు చెరువుల నుండి వరదలలో తప్పించుకొని కొంత పాకింది.

కాబట్టి నా కాగితంలో క్రొత్తగా సక్కరు చేపలు కొనవద్దనీ, ఉన్నదానిని ఏ చెరువులోను, కాలువలోను వదలవద్దనీ రెండు వాక్యాలు గీత గీసి వ్రాసినాను. దానిని అంగడివాడికే తిరిగి ఇచ్చివేద్దామని ఒక సభ్యుడు సూచించినారు. అతడు దానిని మరొక రెండడుగుల తొట్టి యజమానికి అంటగడతాడు. అక్కడి నుండి అది చేరేది చెరువుకే. చంపివేయడమే సరియైన పరిష్కారమని జంతుశాస్త్రం చెప్పే మిత్రుడు నిక్కచ్చిగా అన్నాడు. శాస్త్రం ప్రకారం అతని మాట తప్పని నేను అనలేను. పిల్లల ఎదుట ఆ పని నా వల్ల కాదని మాత్రం చెప్పినాను. ఉర్దూ శాఖలోని మా పెద్దలు ఒకరు అంతవరకు మౌనంగా విని, ‘తెచ్చుకొన్న వాళ్ళమే పోషించాలి గదా మియా’ అన్నారు. దానితో చర్చ ముగిసింది. వృక్షశాస్త్ర శాఖ వెనుక తామరలు వేయడానికి కట్టించి వాడకుండా ఉన్న సిమెంటు తొట్టి ఒకటి ఉన్నది. దానిని కడిగి, నీరు నింపి, వారం రోజులు నిలువ ఉంచి, పైన ఇనుప జల్లెడ బిగించి, నీరు పొర్లినా కాలువలోకి పోకుండా తూముకు గుడ్డ గట్టిగా కట్టించినాము.

మిగిలిన తీర్మానాలు క్లుప్తంగా ఇవి. జూన్ నెలలో కిటికీకి తెర వేసినారు. దీపానికి గడియారపు స్విచ్చి పెట్టినారు. పఠనమందిరానికి వేరే దీపం వచ్చింది, ఆ లాభం పాచి పుణ్యమే. హైడ్రిల్లాను ఒత్తుగా నాటించినాము – త్వరగా పెరిగే మొక్క నీటిలోని ఎరువును తాను లాగుకొంటుంది, పాచికి మిగల్చదు. ఆరు వారాలకే సగం తగ్గింది, ఇంకా ఏ ప్రాణినీ కొనకముందే. ఆగస్టులో నాలుగు నెరైట్ నత్తలు, మూడు మాలీలు కొన్నాము. ఎండలు పూర్తిగా తగ్గిన తరువాత, డిసెంబరులో ఆరు ఆటోసింక్లస్‌లు వచ్చినాయి, ఆరూ ఉన్నాయి. గాజు మీద ఇప్పటికీ కొన్ని పచ్చని చుక్కలు ఉన్నాయి. వెనుక గాజును కావాలనే గీకనివ్వలేదు, వాటి భోజనం అది.

సక్కరు చేప సిమెంటు తొట్టిలో కులాసాగా ఉన్నది. సంక్రాంతి సెలవులకు హాస్టలు పిల్లలు ఊళ్ళకు పోయినప్పుడు దానికి దోసకాయ ముక్కలు అటెండరు చాచా వేసినాడు. వేసవి సెలవులలో ఎవరి వంతు ఏ వారమో వ్రాసిన కాగితం నోటీసు బోర్డు మీద అంటించినాము. మే రెండవ వారానికి ఎదురుగా ఇంకా ఎవరి పేరూ లేదు.